అరుగు మీద ముచ్చట: నాలుగంగుళాల యెత్తు

పోయిన నెల యీ పుటలో వూరగాయ జాడీల మూతలను గురించి వ్రాశాము. దానికి వచ్చిన జాబులన్నీ చదివి ముగించక మునుపే మా చెల్లెలి వద్ద నుండి ఫోను వచ్చింది. "అన్నా, నీ మేనల్లుడు బండిని యెత్తిస్తున్నాడట, నువ్వు వెంటనే రావాలి" అన్నది. మాకు సగమే వినబడి, బండిని యెవరో యెత్తుకొనిపోయారనుకొని, పోలీసు స్టేషనుకు పోయినారా అని అడిగాము. ఆమె నవ్వలేదు.

"యెత్తుకొని పోవడం కాదు, యెత్తు చేయించడం. నాలుగంగుళాలట. అమ్మ యెట్లా యెక్కుతుంది?"

అదీ సంగతి. మా మేనల్లునికి మహీంద్రా వారి థార్ బండి వున్నది. 2020లో వచ్చిన రెండవ తరం బండి, గట్టి కప్పుది. కోయంబత్తూరులో వుద్యోగం చేస్తూ, ఆనమలల అడుగున వున్న మా కొబ్బరితోటను కూడా అతడే చూచుకొంటున్నాడు. తోట దాటితే రెండు మైళ్ళు మట్టిదారి, ఒక వాగు, వాగు కవతల మా యింటి దేవత గుడి. యేడాదికొకమారు పొంగలి పెట్టడానికి కుటుంబమంతా పోయే దారి అదే. మామూలు కారు వాగు దగ్గర ఆగిపోతుంది. మా అమ్మకు యెనభై యొకటి. ఆ యింటికి కోడలుగా వచ్చిన నాటి నుండి ఒక్క పొంగలి తప్పలేదు. యిప్పుడామె గుడికి చేరాలంటే మనుమని బండి తప్ప వేరే ఆధారం లేదు.

పోయిన సంవత్సరం వాగు గట్టు యెక్కేటప్పుడు బండి అడుగున కర్రుమని యేదో గీసుకొన్నది. ఆ చప్పుడు పిల్లవాని చెవిలో నిలిచిపోయింది. దానికి తోడు స్నేహితుల బండ్ల ఫోటోలు. నాలుగంగుళాల లిఫ్టు, ముప్ఫై అయిదంగుళాల టైర్లు అని నిశ్చయించుకొన్నాడు. ఖర్చెంతో అడిగి తెలుసుకొన్నాము గాని, యిక్కడ వ్రాయము. యింట్లో రక్తపు పోటు గల పెద్దలు కూడా యీ పత్రిక చదువుతారు.

కోయంబత్తూరులో యీ పని చేసేవారికి కొదువ లేదు. జి. డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళనిల నడుమ సర్వీసు మొదలుపెట్టిన సీమ అది. లేతు దగ్గర నిలబడి కొలత చెబితే సాయంకాలానికి వస్తువు చేతికి వస్తుంది. అందువల్లనే భయం కూడా. అడిగినది చేసి యిస్తారు గాని, యెందుకు అడుగుతున్నావని యెవరూ అడగరు. ఆ ప్రశ్న అడగడానికి మేనమామలున్నారు.

మేము వెళ్ళేసరికి పిల్లవాడు తయారుగానే వున్నాడు. "మామా, బండి యెత్తయితే అడుగు తగలదు గదా, యిందులో తర్కమేమున్నది?" అన్నాడు.

తర్కమున్నది. యెద్దుల బండిని తలచుకొంటే సులభంగా తెలుస్తుంది. బురద పొలంలో పోవలసిన బండికి మన వడ్రంగులు చక్రం పెద్దదిగా చేశారు. పానుపును మాత్రం ఇరుసుకు యెంత దగ్గరగా వుంచవచ్చునో అంత దగ్గరగా వుంచారు. చక్రం పెద్దదయితే ఇరుసే నేల నుండి లేస్తుంది. ఇరుసును అక్కడే వుంచి పానుపును మాత్రం పైకి లేపితే, రాయి ఇరుసుకు తగలడం మానదు, పైనున్న బరువు మాత్రం వూగులాడుతుంది.

మోటారు బండిలోనూ అంతే. థార్ బండి వెనుక భాగంలో యిటు చక్రం నుండి అటు చక్రం వరకు ఒకే గట్టి ఇరుసు. దాని నడుమ డిఫరెన్షియల్ అనే ఇనుప బుర్ర వ్రేలాడుతుంటుంది. స్ప్రింగులు పెంచినా, స్ప్రింగుల మీద దిమ్మలు పెట్టినా పైకి లేచేది బండి చట్రమే. ఆ బుర్ర వున్నచోటనే వుంటుంది. దానిని లేపగలిగినది టైరు ఒక్కటే. అదీ పెరిగిన దానిలో సగమే, యెందుకంటే ఇరుసు చక్రం నడుమ వుంటుంది గాని నెత్తిన వుండదు. పిల్లవాని బండికున్న టైరు లెక్క కడితే సుమారు ముప్ఫై ఒకటి అంగుళాలు. ముప్ఫై అయిదుది వేస్తే ఇరుసు రెండంగుళాలు లేస్తుంది. లిఫ్టు నాలుగు, టైరు వల్ల రెండు, వెరసి బండి ఆరంగుళాలు లేచినా, డిఫరెన్షియల్ కింద పెరిగిన ఖాళీ రెండంగుళాలే. మిగిలిన నాలుగూ చట్రానికి, పెట్రోలు ట్యాంకుకు, అవ్వ మోకాళ్ళకు.

అయితే లిఫ్టు వల్ల ప్రయోజనమే లేదా? వున్నది. గట్టు యెక్కేటప్పుడు ముక్కు తగలకుండా, దిగేటప్పుడు తోక తగలకుండా, గట్టు నెత్తి మీద పొట్ట ఆనకుండా వుండడానికి చట్రం యెత్తు కావాలి. యీ మూడింటినీ డిగ్రీలలో కొలుస్తారు. కంపెనీ వారు చేసి యిచ్చిన థార్ బండికి ముక్కు కోణం సుమారు 41, పొట్ట కోణం సుమారు 27, తోక కోణం సుమారు 36. నేల నుండి ఖాళీ 226 మిల్లీమీటర్లు, అనగా దాదాపు తొమ్మిదంగుళాలు. కొబ్బరితోటకు పోయే దారికి యిది తక్కువ కాదు. కనుక యెంత లేపాలి అనే ప్రశ్నకు ముందు, యేది తగిలింది అని అడగాలి. తగిలింది ఇరుసుకైతే ఒక మందు, చట్రానికైతే మరొక మందు.

యిక పడిపోవడం సంగతి. వరిగడ్డి నిండుగా వేసిన బండి ఏటవాలు గట్టున పోయేటప్పుడు, పైతట్టున ఒక మనిషి మోకు పట్టుకొని బరువంతా వేసి వ్రేలాడడం మా చిన్నప్పుడు చూచాము. బరువు యెత్తున వుంటే బండికి పక్కవాటు భరించే శక్తి తగ్గుతుందని ఆయనకు యెవరూ లెక్క చెప్పలేదు. మేము చెబుతాము. రెండు చక్రాల నడుమ దూరం అరవై అంగుళాలనుకొందాము. బండి బరువుకు కేంద్రం నేల నుండి ఇరవై యెనిమిది అంగుళాల యెత్తున వున్నదనుకొందాము. అప్పుడు లెక్క ప్రకారం నేల పక్కకు 47 డిగ్రీలు వాలేవరకు బండి నిలుస్తుంది. బండి ఆరంగుళాలు లేస్తే, ఇరుసులు అంతగా లేవవు కనుక, కేంద్రం అయిదంగుళాలు లేచిందని పెట్టుకోండి. 47 కాస్తా 42 అవుతుంది. అయిదు డిగ్రీలే గదా అనవద్దు. యీ లెక్క కదలకుండా నిలబడిన రాతిబొమ్మకు. స్ప్రింగుల మీద వూగే బండి, లోపల మనుషులు, పొంగలి గుండిగలు, మలుపులో వేగం, యివన్నీ కలిస్తే అసలు హద్దు యింకా చాలా ముందే వస్తుంది.

"చక్రాలను వెడల్పు చేస్తే సరిపోతుంది మామా" అన్నాడు. సగం నిజమే. ఒక్కొక్క వైపు అంగుళంన్నర బయటికి నెడితే డిగ్రీన్నర తిరిగి వస్తుంది. కాని బయటికి నెట్టిన చక్రం బేరింగును మెలిపెడుతుంది, రాయి తగిలినప్పుడు స్టీరింగును చేతిలో నుండి లాగుతుంది, మడుగార్డు దాటి బురదనంతా తలుపుల మీదికి కొడుతుంది. బండి కాళ్ళు చాపి నిలబడినట్లు ఫోటోలో మాత్రం బాగుంటుంది.

పెద్ద టైరు మీద మరొక్క మాట. ముప్ఫై ఒకటి స్థానంలో ముప్ఫై అయిదు వేస్తే, మీటరు 60 చూపేటప్పుడు బండి దాదాపు 68 పోతుంటుంది. యింజను లాగుడు తగ్గుతుంది, బ్రేకులకు పని పెరుగుతుంది. థార్ బండిలో అదనపు చక్రం వెనుక తలుపుకే తగిలించి వుంటుంది కనుక, తలుపు బందులు కూడా ఆ బరువు మోయాలి.

యిదంతా పుస్తకం చదివి చెప్పడం లేదు. ముప్ఫై యేండ్ల క్రిందట మాకూ ఒక పాత జీపు వుండేది. ముందూ వెనుకా కమాను పట్టీల బండి. దానికి మేమూ యెత్తు చేయించాము. పట్టీ కొసను చట్రానికి కలిపే చిన్న ఇనుప బద్దలుంటాయి, షాకిలు అంటారు. వాటిని నాలుగంగుళాలు పొడుగు చేయిస్తే చట్రం రెండంగుళాలు లేస్తుంది. చవకైన పని. చేసినవాని పేరు వద్దు, చేయమన్నది మేమే.

బండి చూడముచ్చటగా నిలబడింది. మరుసటి వారం పిల్లలను వెనుక కూర్చోబెట్టుకొని ఆళియారు మీదుగా వాల్పారై కొండ యెక్కాము. నలభై మలుపుల దారి. యెక్కేటప్పుడు తెలియలేదు. దిగేటప్పుడు, పదో పన్నెండో మలుపు దగ్గర, స్టీరింగు తిప్పి మలుపు ముగిసిన తరువాత చేయి వదులు చేస్తే అది తిరిగి రాలేదు. మామూలుగా స్టీరింగు తనంతట తాను నేరుగా వస్తుంది గదా, అట్లా రాలేదు. బండి మలుపు లోపలికే పోతూ వున్నది. ఒక పక్క కొండ కాబట్టి సరిపోయింది. రెండవ పక్క యేమున్నదో చెప్పనక్కరలేదు. రెండు చేతులతో లాగి నిలిపి, రాయి అడ్డం పెట్టి, చాలాసేపు రోడ్డు పక్కన కూర్చున్నాము. పిల్లలు కోతులను చూపించమని గోల చేశారు. వాళ్ళకు యేమీ తెలియలేదు.

కారణం తరువాత తెలిసింది. సైకిలు ముందు చట్రం కొంచెం వెనుకకు వాలి వుంటుంది. ఆ వాలు వల్లనే చేతులు వదిలినా సైకిలు నేరుగా పోతుంది. మోటారు బండి ముందు చక్రాలకూ ఆ వాలు వుంటుంది, దానిని క్యాస్టరు అంటారు. మా జీపులో షాకిళ్ళు పట్టీకి ముందు కొసన వుండేవి. అవి పొడుగైతే ఇరుసు ముందుకు తిరిగి, ఆ వాలు పోయింది. రెండంగుళాల యెత్తుకు మేమిచ్చిన వెల అది. ఊరు చేరిన రోజే పాత షాకిళ్ళు తిరిగి వేయించాము.

పిల్లవాడు శ్రద్ధగా విన్నాడు గాని, "అది పాత బండి మామా, దీనికి ముందు ఇరుసే లేదు" అన్నాడు. నిజమే. థార్ ముందు చక్రాలు దేనికది విడిగా, పైనొకటి కిందొకటి చేతుల మీద ఆడతాయి. దానికి వేరే తంటా వున్నది. చట్రాన్ని లేపితే ఆ చేతులు కిందికి వ్రేలాడతాయి. చక్రానికి శక్తి తెచ్చే కడ్డీల కీళ్ళు ఎక్కువ వంపులో తిరిగి, వాటి రబ్బరు తొడుగులు చినుగుతాయి. చక్రం యింకా కిందికి దిగడానికి చోటు మిగలక, చిన్న గుంత వచ్చినా గాలిలో నిలబడుతుంది. నేలను పట్టుకోవడానికే గదా లేపినది, పట్టు పోతే యేమి లాభం? యిటువంటి బండికి రెండంగుళాలు దాటితే చేతులు, కీళ్ళు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టాలు అన్నీ కలిపి ఆలోచించాలి. దిమ్మలు పెట్టి బోల్టులు బిగించి పంపించే పని కాదు.

చట్టం మాట కూడా చెప్పాము. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షను 52 ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ యిచ్చిన వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు యిదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జుల్మానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునని చేర్చారు. ప్రమాదం జరిగిన నాడు భీమా కంపెనీ వారు మొదట చూచేదీ అదే.

యింత చెప్పినా పిల్లవాని ముఖం వెలగలేదు. వెలగదు, యెందుకంటే ఆ కర్రుమన్న చప్పుడుకు మేము జవాబు చెప్పలేదు. అందుకని ఆదివారం తోటకు పోయి, బకెట్టులో సున్నం కలిపాము. బండి అడుగున కిందికి వ్రేలాడే చోట్లన్నిటికీ కుంచెతో సున్నం పూసి ఆరబెట్టాము. రబ్బరుకు, బ్రేకులకు మాత్రం తగలనీయలేదు. లోపల మనుషులను, మూటలను పోయిన యేడు వున్నట్లే పెట్టి, వాగు దాటి, గట్టు యెక్కి, తిరిగి వచ్చి, చాప పరుచుకొని కింద దూరాము. సున్నం చెరిగిన చోటు తగిలిన చోటు. మా మేనల్లుడు యీ పనికి నవ్వాడు గాని, చాప మీద మాకన్న ముందు దూరినది అతడే.

డిఫరెన్షియల్ తెల్లగా వున్నది. ట్యాంకు తెల్లగా వున్నది. చెరిగినవి మూడు. మొదటిది, రెండు పక్కలా తలుపుల కింద తరువాత బిగించుకొన్న కాలు పెట్టే మెట్లు. గట్టు నెత్తిన పొట్ట ఆనినది అక్కడే. రెండవది, వెనుక బిగించుకొన్న ఇనుప కొక్కెం. దానితో యింతవరకు దేనినీ లాగలేదు. మూడవది, వెనుక షాక్ అబ్జార్బరు అడుగు కొస ఇరుసుకు కలిసే చోట, రూపాయి బిళ్ళంత.

మరొక కొలత కూడా తీశాము. చక్రం నడిబొడ్డు నుండి మడుగార్డు అంచు వరకు, ఖాళీగా వున్నప్పుడు, బరువు వేసినప్పుడు. ముందు అర అంగుళం దిగితే, వెనుక అంగుళంన్నర దిగింది. గుండిగలు, బియ్యం మూట, కొబ్బరికాయల బస్తా, అన్నీ వెనుకనే పెట్టారు గదా. ఖాళీ బండి వెనుక భాగం కొంచెం యెత్తుగా వుండేటట్లు కంపెనీ వారు చేయడం యిందుకే, బరువు పడితే సమమవుతుంది. కుర్రవాళ్ళు అది చూడడానికి బాగులేదని ముందు భాగం లేపి సమం చేయిస్తారు. తరువాత బరువు వేస్తే బండి ముక్కు ఆకాశానికి లేచి, దీపాలు యెదుటివాని కండ్లలో పడతాయి. యెప్పుడూ బరువు మోసే బండికైతే వెనుక స్ప్రింగులను బరువుకు తగినవి వేయించడం న్యాయమే. యేడాదికొక పొంగలి కోసం అవసరం లేదు. గుండిగలు ముందు రోజే చేర్చవచ్చును.

మెట్లు విప్పాము, కొక్కెం విప్పాము, మూటలు దించాము, మళ్ళీ సున్నం పూసి మళ్ళీ పోయాము. యీసారి చెరిగినది ఒక్కటే, ఆ షాక్ అబ్జార్బరు కొస.

"చూశావా మామా, అందుకే లిఫ్టు కావాలన్నాను" అన్నాడు పిల్లవాడు. అన్న మరుక్షణం తనే ఆగిపోయాడు. ఆ కొస ఇరుసు మీద వున్నది. నాలుగంగుళాలు గాదు, నలభై అంగుళాలు లేపినా అది వున్నచోటనే వుంటుంది. కాసేపు యిద్దరమూ చాప మీదే పడుకొని దానిని చూస్తూ వున్నాము.

దానికి మందు తోట కాపలా పెద్దాయన చెప్పాడు. వాగులో గుండ్రాయి యెదురైతే పిల్లవాడు దానిని రెండు చక్రాల నడుమకు తీసుకొని పోతున్నాడు. రాయి కింద నుండి పోతుందిలే అని. పెద్దాయన, "రాయి మీదికే చక్రం యెక్కించు సామీ" అన్నాడు. చక్రం రాయి యెక్కితే ఇరుసు ఆ వైపు దానితో పాటే లేస్తుంది. మూడవ మారు పోయి వచ్చేసరికి సున్నం యెక్కడా చెరగలేదు. టైర్లు అరిగిన తరువాత, అదే కొలతలో రాతినేలకు తగినవి వేయించుకొంటానన్నాడు. దానికి మాకు అభ్యంతరం లేదు.

మిగిలినది మా అమ్మ. మెట్లు విప్పితే బండి యెక్కడం యెట్లా? మెట్లుంటే గట్టు అడ్డం, మెట్లు లేకుంటే మోకాళ్ళు అడ్డం. మా చెల్లెలు యీ చిక్కును ఒక్క నిమిషంలో తీర్చింది. యింట్లో పనసచెక్క పీట వున్నది, యెనిమిదంగుళాల యెత్తు, పెండ్లి పీటలతో పాటు చేయించినది. దానిని బండిలో పెట్టుకోండి అన్నది. పొంగలి నాడు వాకిట్లో పీట వేశాము. అమ్మ ఒక చేయి మనుమని భుజం మీద, ఒక చేయి తలుపు పిడి మీద వేసి, పీట మీది నుండి లోపలికి యెక్కి కూర్చున్నది. యెత్తు చేస్తానన్నావటగా, చేశావా అని అడిగింది. లేదవ్వా అన్నాడు.

వాగు దాటాము. గట్టు మీద అందరూ వూపిరి బిగబట్టారు గాని చప్పుడేమీ లేదు. పొంగలి పొంగింది. తిరిగి వచ్చేటప్పుడు అమ్మను యెక్కించి, పీటను గుడి వాకిట్లోనే మరచి వచ్చారు. యింటి దగ్గర ఆమెను దించడానికి పక్కింటి నుండి కుర్చీ అడిగి తేవలసి వచ్చింది. పీట కోసం పిల్లవాడు ఆదివారం మళ్ళీ పోతున్నాడు.